విశాఖపట్నంలో హోమ్ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేయాలంటే: లైసెన్సులు, పరికరాలు, రిపోర్టుపై తరచుగా అడిగే ప్రశ్నలు

హోమ్ ఇన్‌స్పెక్టర్ లైసెన్స్ ఎక్కడ ఇస్తారు? నగరపాలక సంస్థ జీవీఎంసీలోనా, పట్టణాభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏలోనా?

ఎక్కడా ఇవ్వరు. మన దేశంలో ఇళ్లు తనిఖీ చేసే వృత్తికంటూ ప్రత్యేక చట్టం లేదు. పరీక్ష పెట్టే బోర్డు లేదు, లైసెన్స్ నంబరు ఇచ్చే ఆఫీసు కూడా లేదు. కొనబోయే ఫ్లాట్‌ను చూసి, లోపాలు రాసి, ఫీజు తీసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. "డబ్బు కడితే లైసెన్స్ ఇప్పిస్తాం" అని ఎవరైనా అంటే ఆ డబ్బు పోయినట్టే.

అలాగని అన్నీ చేయొచ్చనుకోకండి. ఇంటికి సంబంధించిన కొన్ని పనులకు చట్టం ప్రకారం గుర్తింపు తప్పనిసరి. ప్లాన్ పెట్టడం, విలువ కట్టడం, కట్టడం నిలుస్తుందని సంతకం పెట్టడం, వైరింగ్ మార్చడం ఇలాంటివి. కొత్తగా వచ్చినవాళ్లు ఇబ్బందుల్లో పడేది ఎక్కువగా ఈ గీత దాటినప్పుడే. విజిటింగ్ కార్డు మీద "ప్రభుత్వ గుర్తింపు పొందిన హోమ్ ఇన్‌స్పెక్టర్" అని వేయించుకోవడం కూడా గీత దాటడమే. లేని గుర్తింపు ఉన్నట్టు చెప్పుకుంటే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటన అవుతుంది.

మరి చేతిలో ఏ కాగితం ఉంటే మంచిది?

మీ చదువును బట్టి ఉంటుంది.

సివిల్ ఇంజనీరింగ్ డిగ్రీ ఉంటే మొదట ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ సభ్యత్వం తీసుకోండి. ఆ సంస్థ లోకల్ సెంటర్ విశాఖలోనే ఉంది. కార్పొరేట్ సభ్యులు, అంటే పూర్తిస్థాయి సభ్యులు, నిర్ణీత అనుభవం చూపించి చార్టర్డ్ ఇంజనీర్ గుర్తింపుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. రిపోర్టు చివర సంతకం కింద ఆ గుర్తింపు ఉంటే బిల్డర్ ఇంజనీరు కూడా కాస్త ఆగి చదువుతాడు. ఆర్కిటెక్ట్ అయితే 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం కింద కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ రిజిస్ట్రేషన్ ఎలాగూ ఉంటుంది, అది చాలు.

బ్యాంకుల పని, ఆస్తి విలువ కట్టే పని కూడా కావాలంటే రిజిస్టర్డ్ వాల్యుయర్. ప్లాన్ అప్రూవల్ పని కూడా చేయాలనుకుంటే ఎల్‌టీపీ, అంటే లైసెన్స్‌డ్ టెక్నికల్ పర్సన్. ఈ రెండింటి గురించి కింద విడిగా రాశాం. ఇవి రెండూ హోమ్ ఇన్‌స్పెక్షన్ లైసెన్సులు కావు. పక్క వృత్తుల గుర్తింపులు, అంతే. కానీ ఇన్‌స్పెక్షన్ ఒక్కదానితోనే ఏడాది పొడుగునా పని దొరకడం కష్టం కాబట్టి చాలామందికి రెండో ఆదాయం వీటి నుంచే వస్తుంది.

రిజిస్టర్డ్ వాల్యుయర్ కావడానికి దశలు ఏమిటి?

కంపెనీల చట్టం 2013లోని 247వ సెక్షన్, 2017లో వచ్చిన వాల్యుయర్ల నిబంధనలు దీనికి ఆధారం. రిజిస్ట్రేషన్ ఇచ్చేది ఐబీబీఐ, అంటే ఇన్‌సాల్వెన్సీ అండ్ బ్యాంక్రప్ట్సీ బోర్డు. మీకు కావాల్సిన విభాగం "ల్యాండ్ అండ్ బిల్డింగ్".

అర్హత: సివిల్ ఇంజనీరింగ్, ఆర్కిటెక్చర్, టౌన్ ప్లానింగ్‌లలో దేనిలోనైనా డిగ్రీ, ఆ తర్వాత 5 ఏళ్ల అనుభవం. అదే రంగంలో పోస్ట్ గ్రాడ్యుయేషన్ ఉంటే 3 ఏళ్లు చాలు. డిగ్రీ చేతికి రాకముందు సైటులో చేసిన పని ఈ లెక్కలోకి రాదు. అనుభవ పత్రాల్లో తేదీలు అస్పష్టంగా ఉంటే దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. అందుకే పాత యజమానుల నుంచి చేరిన తేదీ, మానేసిన తేదీ, చేసిన పని స్పష్టంగా ఉన్న లెటర్‌హెడ్ పత్రాలు ముందే తెచ్చిపెట్టుకోండి.

తర్వాత ఐబీబీఐ గుర్తించిన ఏదైనా వాల్యుయర్ల సంస్థలో సభ్యత్వం తీసుకుని, వాళ్లు నడిపే 50 గంటల కోర్సు పూర్తిచేయాలి. ఆపైన కంప్యూటర్ మీద పరీక్ష: 2 గంటలు, 100 మార్కులు, పాస్ కావడానికి 60. తప్పు జవాబుకు ఆ ప్రశ్న మార్కుల్లో నాలుగో వంతు కోత పడుతుంది కాబట్టి తెలియనివి వదిలేయడమే నయం. పాసయ్యాక సంస్థ సిఫారసుతో ఫారం-ఏ దాఖలు చేయాలి. వ్యక్తులకు దరఖాస్తు రుసుము 5,000 రూపాయలు, జీఎస్టీ అదనం. పాసైన తేదీ నుంచి 3 ఏళ్లలోపు దరఖాస్తు చేయకపోతే పరీక్ష మళ్లీ రాయాల్సిందే.

ఇంజనీర్లు తేలిగ్గా తీసుకుని దెబ్బతినేది చట్టాలు, అర్థశాస్త్రం, వాల్యుయేషన్ పద్ధతుల దగ్గర. కాంక్రీటు ప్రశ్నలు పెద్దగా ఇబ్బంది పెట్టవు. ఆస్తి బదిలీ చట్టం, భూసేకరణ చట్టం, అద్దె రాబడి నుంచి విలువ తీసే లెక్కలు మాత్రం కూర్చుని చదవాల్సిందే.

ఎల్‌టీపీ లైసెన్స్ ఉంటే ఇన్‌స్పెక్షన్‌కు పనికొస్తుందా?

నేరుగా పనికిరాదు. 2017 ఆంధ్రప్రదేశ్ భవన నిబంధనల కింద ఇచ్చే లైసెన్స్ అది. ఇంజనీర్, స్ట్రక్చరల్ ఇంజనీర్, టౌన్ ప్లానర్, సూపర్‌వైజర్ లాంటి తరగతులున్నాయి. చదువు, అనుభవాన్ని బట్టి ఏ స్థాయి భవనం వరకు ప్లాన్ పెట్టవచ్చో మారుతుంది. ఆన్‌లైన్ భవన అనుమతి వ్యవస్థలో ప్లాన్ ఎక్కించడానికి ఈ లాగిన్ కావాలి.

పరోక్షంగా మాత్రం చాలా ఉపయోగం. మంజూరైన ప్లాన్ చదవడం, సెట్‌బ్యాక్ (భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీ) కొలవడం, పైన అదనంగా వేసిన అంతస్తును పసిగట్టడం ఎల్‌టీపీకి రోజువారీ పనే. పాత ఇల్లు కొనేవాళ్లు ఎక్కువగా అడిగేది కూడా అదే. ఒక జాగ్రత్త: మీరే ప్లాన్ పెట్టిన భవనాన్ని కొనుగోలుదారు తరఫున తనిఖీ చేయకండి.

నాది సివిల్ డిప్లొమా. ఈ పని చేయొచ్చా?

చేయొచ్చు. సైటులో నాలుగైదేళ్లు పనిచేసిన డిప్లొమా సూపర్‌వైజర్‌కు టైల్స్, ప్లంబింగ్, వాటర్‌ప్రూఫింగ్ లోపాలు కొత్త బీటెక్ కుర్రాడికంటే ముందు కనబడతాయి. రిజిస్టర్డ్ వాల్యుయర్ దారి మాత్రం డిగ్రీ లేకుండా తెరుచుకోదు. పగుళ్లు, పెచ్చులు కనిపిస్తే "స్ట్రక్చరల్ ఇంజనీరు చూడాలి" అని రాసి వదిలేయడం నేర్చుకోవాలి. ఇన్‌స్పెక్షన్‌లో సగం నైపుణ్యం ఎక్కడ ఆగాలో తెలియడంలోనే ఉంది, డిగ్రీ ఉన్నవాళ్లకు కూడా.

సివిల్ చదువే లేనివాళ్లకు మా సలహా: ముందు ఒక కాంట్రాక్టరు దగ్గర ఫినిషింగ్ పనులు జరిగే చోట కనీసం ఒక ఏడాది ఉండండి. బాత్రూమ్ సంకెన్ స్లాబ్ (పైపుల కోసం కిందికి దించి వేసిన స్లాబు) ఎలా నింపుతారో చూడనివాళ్లు దాని లీకేజీని పసిగట్టలేరు.

అంతర్జాతీయ సంస్థల ఆన్‌లైన్ సర్టిఫికెట్లకు విలువ ఉందా?

తనిఖీ క్రమం, రిపోర్టు రాసే పద్ధతి, ఒప్పందంలో పెట్టాల్సిన షరతులు వాటిలో బాగా చెబుతారు. అందుకోసం చేయొచ్చు. పాఠాల్లో మాత్రం చెక్క ఫ్రేము ఇళ్లు, వాలు పైకప్పులు, గ్యాస్ ఫర్నేసులు ఉంటాయి. మన దగ్గర ఉండేది ఆర్‌సీసీ ఫ్రేము, ఇటుక లేదా ఫ్లైయాష్ ఇటుక గోడ, చదును స్లాబు, పైన ట్యాంకు, కింద సంపు. ఇక్కడి ప్రమాణాలు వేరు: కాంక్రీటుకు ఐఎస్ 456, ఎర్తింగ్‌కు ఐఎస్ 3043, తాగునీటికి ఐఎస్ 10500, మొత్తం భవనానికి 2016 నేషనల్ బిల్డింగ్ కోడ్. భారతీయ ప్రమాణాలు బీఐఎస్ (బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్) పోర్టల్లో ఉచితంగానే దొరుకుతాయి. పైన చెప్పిన నాలుగూ దింపుకుని చదవండి.

మొదట ఏ పరికరాలు కొనాలి?

చిన్న సంచిలో పట్టేవే చాలు: లేజర్ దూరమాపకం, 5 మీటర్ల టేపు, మట్టగొట్టం లేదా 600 మిల్లీమీటర్ల స్పిరిట్ లెవెల్, తూకపు గుండు, గట్టి టార్చి, టైల్స్ తట్టడానికి గుండ్రటి కొన ఉన్న స్టీలు కడ్డీ, పగుళ్ల వెడల్పు కొలిచే ప్లాస్టిక్ కార్డు, చెమ్మ మీటరు, సాకెట్ టెస్టరు, మల్టీమీటరు, నీటిలో కరిగిన లవణాలు చూసే టీడీఎస్ మీటరు, మడత నిచ్చెన.

థర్మల్ కెమెరా తర్వాత. కొంటే కనీసం 160×120 పిక్సెళ్లది కొనండి, అంతకంటే తక్కువలో చెమ్మ మచ్చకూ నీడకూ తేడా తెలియదు. కాంక్రీటు బలం, నాణ్యత, లోపలి ఇనుము లోతు చూసే రీబౌండ్ హ్యామర్, అల్ట్రాసోనిక్ పరికరం, కవర్ మీటరు కొనడం దండగ. అవసరమైనప్పుడు టెస్టింగ్ ల్యాబ్‌ను పిలిపించి క్లయింటుతో నేరుగా డబ్బు కట్టించండి.

రీబౌండ్ హ్యామర్ మీద ఒక మాట. ప్లాస్టరింగ్ మీద కొట్టి అంకె చెప్పేవాళ్లున్నారు, ఆ అంకెకు అర్థం లేదు. కాంక్రీటు ముఖం బయటపెట్టి, గరుకు తీసి, అంచులకు దూరంగా ఒక్కో చోట అనేక దెబ్బలు కొట్టి సగటు తీయాలి. అన్నీ సరిగా చేసినా బలం అంచనా 25 శాతం అటూ ఇటూ ఉంటుంది. పాత కాంక్రీటులో పైపొర కార్బొనేషన్‌తో (గాలిలోని కార్బన్ డయాక్సైడ్ చర్యతో) గట్టిపడి ఉంటే ఉన్నదానికంటే ఎక్కువ బలం చూపిస్తుంది. సముద్రం పక్కన ముప్పై ఏళ్ల అపార్ట్‌మెంటుకు "బలంగా ఉంది" అన్న తప్పుడు రిపోర్టులు పుట్టేది ఇలాగే.

రెండు పడకగదుల ఫ్లాటును ఏ వరసలో చూడాలి? ఎంత సమయం పడుతుంది?

మూడు నుంచి నాలుగు గంటలు. గంటలో ముగించేవాళ్లు సాకెట్లన్నీ చూడలేదని అర్థం.

వెళ్లే ముందురోజే ఫోను చేసి ఫ్లాటులో కరెంటు, నీళ్లు ఉన్నాయో లేదో నిర్ధారించుకోండి. తాత్కాలిక కనెక్షన్ మీద ఒక్క బల్బు వెలుగుతుంటే అది కరెంటు ఉన్నట్టు కాదు. ఆ రెండూ లేకపోతే తేదీ మార్చుకోవడమే మేలు. "నీళ్లు లేవు కాబట్టి బాత్రూమ్ చూడలేదు" అని రాసిన రిపోర్టు ఎవరికీ పనికిరాదు.

లోపలికి వెళ్లగానే బాత్రూముల పని మొదలుపెట్టండి, ఎందుకంటే నీటికి సమయం కావాలి. డ్రైన్ మూసి 25 మిల్లీమీటర్ల నీళ్లు నిలబెట్టి, గోడకు టేపు అంటించి మట్టం గుర్తు పెట్టండి. అసలైన నీటి పరీక్షకు 24 గంటలు కనీసం, 48 గంటలైతే మంచిది. అందుకు రెండోసారి రావాలి, కింది ఫ్లాటు సీలింగు చూసే వీలు కూడా కావాలి. సంకెన్ స్లాబులో ఇటుక ముక్కలు నింపిన చోట నీళ్లు లోపలే చేరి చాలా ఆలస్యంగా కిందికి దిగుతాయి. ఒక్క పూటలో పూర్తిచేయాల్సి వస్తే "నీటి పరీక్ష ఇన్ని గంటలే జరిగింది" అని అంకెతో రాయండి. నీళ్లు వదిలేటప్పుడే వాలు తెలుస్తుంది. మీటరుకు 10 మిల్లీమీటర్లు ఉంటే నీరు చక్కగా పోతుంది. తలుపు గడప వైపు నీరు చేరుతుంటే ఆ టైల్స్ పీకి మళ్లీ వేయడం తప్ప దారి లేదు.

నీళ్లు నిలిచి ఉండగా గదులు చూడండి. టైల్స్ ప్రతిదీ నాలుగు మూలల్లో, మధ్యలో తట్టాలి. బోలుగా మోగిన చోట కింద సిమెంటు అంటలేదని అర్థం. మధ్యలో చిన్న బోలు కొన్నాళ్లు నడుస్తుంది. మూలలో బోలు ఉంటే బీరువా కాలు పడ్డ రోజే పగులుతుంది. గోడలు నిలువుగా ఉన్నాయో తూకపు గుండుతో, గదుల మూలలు 90 డిగ్రీలున్నాయో కర్ణాలు కొలిచి చూడండి. వార్డ్‌రోబ్ పెట్టాల్సిన గోడ దగ్గర ఈ కొలత తప్పనిసరి.

కార్పెట్ ఏరియా కొలిచేటప్పుడు రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం నిర్వచనాన్నే పట్టుకోండి: లోపలి అడ్డుగోడల మందం కలుపుకోవాలి. బయటి గోడలు, షాఫ్టులు, బాల్కనీ, ఓపెన్ టెర్రస్ వదిలేయాలి. అగ్రిమెంటులో రాసిన అంకె పక్కన మీ అంకె వేయండి. తేడాకు కారణం ఊహించి రాయొద్దు.

కిటికీల దగ్గర ఆగండి. ఇక్కడి వాన నిలువుగా పడదు, తుపాను రోజుల్లో అడ్డంగా కొడుతుంది. భారతీయ ప్రమాణం విశాఖకు చెప్పే ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు కిటికీలు ఎలా పోయాయో ఊరికి గుర్తుంది. స్లైడింగ్ కిటికీ కింది ట్రాక్‌లో నీరు బయటకు పోయే రంధ్రాలు సిమెంటుతోనో సిలికాన్‌తోనో పూడిపోయి ఉంటాయి. మగ్గుతో ట్రాక్‌లో నీళ్లు పోస్తే అవి బయటికి పోతున్నాయో గదిలోకి వస్తున్నాయో వెంటనే తెలిసిపోతుంది. రెండు రెక్కలూ ఎత్తి చూడండి, చేత్తో ఎత్తితే ట్రాక్ నుంచి ఊడొచ్చే రెక్క గాలికి ఆగదు.

కరెంటు పనిలో ఎంతవరకు వెళ్లవచ్చు?

ప్రతి సాకెట్లో టెస్టరు పెట్టి ఫేజు, న్యూట్రల్ తారుమారు అయ్యాయో, ఎర్త్ ఉందో చూడవచ్చు. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) మీద టెస్ట్ బటన్ నొక్కవచ్చు. ఇళ్లలో మనుషుల రక్షణకు 30 మిల్లీఆంపియర్లది ఉండాలి. 100 లేదా 300 మిల్లీఆంపియర్లది పెట్టి "ఆర్‌సీసీబీ ఉంది" అనిపించుకునే చోట్లున్నాయి, మూత మీద అంకె చదవండి. టెస్ట్ బటన్ పనిచేసినంత మాత్రాన ఎర్త్ బాగున్నట్టు కాదు. ఆ బటన్ ఎర్త్ వైరును అసలు వాడదు.

డిస్ట్రిబ్యూషన్ బాక్సు మూత విప్పి లోపల చేయి పెట్టే పని, మెగ్గర్‌తో ఇన్సులేషన్ పరీక్ష, ఎర్త్ నిరోధం కొలవడం వైర్‌మన్ పర్మిటో సూపర్‌వైజర్ సర్టిఫికెటో ఉన్న మనిషికి అప్పగించండి. ఒక ఎలక్ట్రీషియన్‌తో రోజుకింత అని మాట్లాడుకుంటే సరిపోతుంది. మీటరు దాకా వచ్చే సర్వీసు వైరు, మీటరు విద్యుత్ పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్ వాళ్లవి, సీలు ముట్టుకోకూడదు.

సముద్రం దగ్గరి ఇళ్లలో ప్రత్యేకంగా ఏం చూడాలి?

ఈ ఊళ్లో ఇన్‌స్పెక్టర్‌కు అన్నం పెట్టే ప్రశ్న ఇదే, కాబట్టి కొంచెం నిడివిగా.

ఉప్పుగాలిలోని క్లోరైడ్లు కాంక్రీటులోకి మెల్లగా దిగి ఇనుము దాకా చేరతాయి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, పైనున్న కాంక్రీటును తోసేస్తుంది. మొదట చువ్వ పొడవునా సన్నటి గీత, తర్వాత తుప్పు మరక, ఆపైన పెచ్చు. ఐఎస్ 456 తీర ప్రాంతపు వాతావరణానికి తెరిచి ఉన్న కాంక్రీటును "తీవ్రం" తరగతిలో పెట్టి కనీసం ఎం30 బలం గ్రేడు, 45 మిల్లీమీటర్ల కవరు (ఇనుము పైన ఉండే కాంక్రీటు మందం) అడుగుతుంది. సముద్రపు తుంపర తగిలే చోట "అతి తీవ్రం": ఎం35, 50 మిల్లీమీటర్లు. లాసన్స్ బే కాలనీ, పెదవాల్తేరు, బీచ్ రోడ్డు వైపు పాత ఇళ్ల సన్‌షేడ్లలో, బాల్కనీ అడుగున కవరు వేలు మందం కూడా లేని చోట్లు తగులుతాయి. సన్‌షేడ్ పలుచగా ఉంటుంది, పైగా కాంక్రీటు పోసేటప్పుడు మేస్త్రీల కాళ్ల కింద ఇనుము కిందికి దిగిపోతుంది. అందుకే పెచ్చులూడటం అక్కడే మొదలవుతుంది.

చూసే వరస ఇది: సన్‌షేడ్ అడుగు, బాల్కనీ అంచు, స్టిల్టు పార్కింగులో బీముల కింది భాగం, మేడ మీద ట్యాంకును మోసే పిల్లర్లు, లిఫ్టు మెషీన్ గది స్లాబు. కొత్తగా పెయింటు వేసి ఉంటే టార్చిని గోడకు వారగా పట్టి చూడండి. పూసిన అతుకులు నీడలుగా లేచి కనబడతాయి. కడ్డీతో తడితే ఊడటానికి సిద్ధంగా ఉన్న కాంక్రీటు బోలుగా పలుకుతుంది. తట్టేటప్పుడు కింద ఎవరూ నిలబడకుండా చూసుకోండి.

పగులు కనిపిస్తే కార్డుతో వెడల్పు కొలవండి. ఐఎస్ 456 లెక్కలో మామూలు చోట 0.3 మిల్లీమీటర్ల దాకా, తేమకు తెరిచి ఉన్నచోట 0.2, తీవ్ర వాతావరణంలో 0.1 పరిమితి. ఇది కాంక్రీటు పగులుకే. గోడ ప్లాస్టరింగ్ మీది వెంట్రుకవాసి గీతలకు దీన్ని వర్తింపజేసి క్లయింటును బెదరగొట్టకండి. పిల్లరుకూ ఇటుక గోడకూ మధ్య నిలువుగా వచ్చే పగులు సాధారణంగా ఆ అతుకు మీద తీగ జాలీ వేయకపోవడం వల్ల వచ్చేదే. గుమ్మం మూల నుంచి ఏటవాలుగా వెళుతూ ఒక చివర వెడల్పయ్యే పగులు మాత్రం పునాది కదలికను సూచించవచ్చు. చివర్ల దగ్గర పెన్సిలుతో గీత, తేదీ వేసి మూడు నెలల తర్వాత చూడమని చెప్పండి.

ఎండాడ, మధురవాడ, ఆరిలోవ వైపు కొండ వాలు తవ్వి కట్టిన ఇళ్లకు వేరే జబ్బు. రిటైనింగ్ గోడలో నీటి రంధ్రాలు లేకపోతే వానాకాలం వెనక మట్టి నీటితో బరువెక్కి గోడను తోస్తుంది. తూకపు గుండు వేసి ఒరిగిందో లేదో కొలవండి. నింపిన మట్టి మీద వేసిన గచ్చు కుంగి, స్కర్టింగ్ టైలుకూ నేలకూ మధ్య సందు తేలి ఉంటుంది.

బీచ్ వైపు బోరు నీళ్లు ఉప్పగా మారిన వీధులున్నాయి. బోరు కుళాయి, మున్సిపల్ కుళాయి విడివిడిగా టీడీఎస్ చూడండి. ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 500 మిల్లీగ్రాములు మంచి పరిమితి, వేరే నీరు దొరకనప్పుడు 2,000 దాకా ఒప్పుకుంటారు. చేతి మీటరు చెప్పేది అంచనాయే. క్లయింటు ఆధారపడాలంటే ల్యాబ్ పరీక్ష చేయించాలి.

చెమ్మ మీటరు ఎక్కువ చూపించింది. లీకేజీ అని రాసేయొచ్చా?

తొందరపడొద్దు, విశాఖలో మరీను. సూదుల మీటరు కొలిచేది నిజానికి విద్యుత్ వాహకతను. గోడలో ఉప్పు పేరుకుని ఉంటే ఆరిన గోడ కూడా తడిసినట్టు చూపిస్తుంది. తెల్లటి ఉప్పు పూత కనిపించిన చోట ఆ రీడింగును నమ్మకండి. సూదులు లేని మీటరుతో మరోసారి చూడండి. అదే గోడ మీద పొడిగా ఉన్నచోట రీడింగు తీసి పోల్చండి. ప్లాస్టరింగ్ మీద ఆ అంకెను శాతంగా చెప్పకూడదు, చాలా మీటర్లు చెక్కకు సరిచేసినవి. పోలిక మాత్రమే నిజం.

థర్మల్ కెమెరాకు నీరు కనబడదు. తడి ఆవిరై గోడ చల్లబడితే ఆ చల్లదనం కనబడుతుంది. ఏసీ గాలి తగిలిన గోడ కూడా చల్లగానే ఉంటుంది. కాబట్టి ఏసీ ఆపించి అరగంట ఆగి, కెమెరా చూపిన చోట మీటరు పెట్టి నిర్ధారించుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో మేడ మీద లీకేజీ పట్టుకోవడం కష్టం. టెర్రస్ మీద నీళ్లు కట్టి పరీక్షించాలి, లేదా వానలు పడ్డాక ఒకసారి ఉచితంగా వచ్చి చూస్తానని ఒప్పందంలోనే పెట్టుకోవాలి.

రిపోర్టు ఎలా రాయాలి?

"బెడ్‌రూమ్ గోడ చెమ్మగా ఉంది" అని రాస్తే బిల్డర్ సున్నం పూయించి ఫొటో పంపిస్తాడు. ఇలా రాయండి: "పడమటి పడకగది, ఉత్తరపు గోడ, నేల నుంచి 300 మిల్లీమీటర్ల ఎత్తు వరకు పెయింటు ఉబ్బింది. సూదులు లేని మీటరులో అక్కడ 60, అదే గోడపై 1.5 మీటర్ల ఎత్తులో 15. గోడకు అవతల బాత్రూమ్ షవర్ ఉంది. ఫొటోలు 14, 15. షవర్ మూల కీళ్లు, పైపు జాయింటు పరీక్షించి మూలం కనుక్కున్నాకే పెయింటు వేయాలి."

మొదటి పేజీలో తేదీ, వాతావరణం, కరెంటు, నీళ్లు ఉన్నాయా అన్నది, ఎవరెవరు హాజరయ్యారన్నది. ఆ వెంటనే చూడలేకపోయినవి: ఫాల్స్ సీలింగ్ పైభాగం, తాళం వేసిన గది, సామాను వెనక గోడ. ఈ జాబితా మిమ్మల్ని కాపాడినంతగా చివర చిన్న అక్షరాల షరతులు కాపాడవు. తీవ్రత మూడు తరగతులు చాలు: వెంటనే ప్రమాదం, తాళాలు తీసుకునే ముందు బాగుచేయించాల్సినవి, చిన్న మెరుగులు. "సురక్షితం", "లోపం లేదు", "గ్యారంటీ" అనే మాటలు వాడకండి.

స్టెబిలిటీ సర్టిఫికెట్ ఇమ్మంటున్నారు. ఇవ్వొచ్చా?

స్ట్రక్చరల్ ఇంజనీర్ అయితే తప్ప ఇవ్వకూడదు. పాత అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు తరచూ అడుగుతాయి. దానికి డ్రాయింగులు కావాలి. అవి లేకపోతే బీములు, పిల్లర్లు, స్లాబుల కొలతలు, అల్ట్రాసోనిక్, కోర్ (కాంక్రీటు ముక్క తీసి చేసేది), హాఫ్‌సెల్ (చువ్వల తుప్పు పసిగట్టేది) పరీక్షలు కావాలి. హాఫ్‌సెల్‌లో రాగి-కాపర్ సల్ఫేట్ ఎలక్ట్రోడుతో మైనస్ 350 మిల్లీవోల్టుల కంటే ఎక్కువ రుణాత్మకంగా వస్తే చువ్వలు తుప్పు పడుతుండే అవకాశం 90 శాతానికి పైనే. కళ్లతో చూసి సంతకం పెట్టే పని కాదు.

రెరా ఐదేళ్ల నిబంధనతో మనకు పనేమిటి?

చాలా ఉంది. రెరా చట్టం 14(3) ప్రకారం స్వాధీనం ఇచ్చిన తేదీ నుంచి 5 ఏళ్లలోపు నిర్మాణ లోపం, పనితనంలో లేదా నాణ్యతలో లోపం బిల్డర్ దృష్టికి తెస్తే 30 రోజుల్లోగా అదనపు డబ్బు లేకుండా సరిచేయాలి. నాలుగో ఏడు దాటిన అపార్ట్‌మెంట్లకు ఉమ్మడి స్థలాల తనిఖీ అందుకే అవసరం: టెర్రస్, సంపు, పార్కింగు, బయటి గోడలు. రిపోర్టు ఎంత బాగున్నా అసోసియేషన్ దాన్ని రాతపూర్వకంగా, అందినట్టు రుజువుతో గడువులోగా పంపకపోతే ఉపయోగం లేదు. ఆ మాట క్లయింటుకు చెప్పండి. నోటీసు భాష మాత్రం వకీలుకు వదిలేయండి.

బిల్డర్ లోపలికి రానివ్వకపోతే?

మీకు హక్కు లేదు, కొనుగోలుదారుకు ఉంది. కొన్నవాళ్ల సంతకంతో మీ పేరు, తేదీ, పని రాసిన అధికార పత్రం ముందే మెయిల్లో పంపించండి. వీలైతే యజమాని పక్కనే ఉండాలి. సైటు ఇంజనీరుతో వాదన పెట్టుకోకండి, అతను రేపు రిపేరు చేయించాల్సిన మనిషి. లోపాలను అతని ముందే చూపిస్తే సగం అక్కడే ఒప్పుకుంటాడు.

వ్యాపారంగా నమోదు, పన్నులు, బీమా?

చిన్న వ్యాపారాలకు ఉండే ఉద్యం నమోదు ఉచితం, ఆన్‌లైన్‌లో ఆధార్, పాన్‌లతో అయిపోతుంది. సేవలపై ఏడాది ఆదాయం 20 లక్షల రూపాయలు దాటితే జీఎస్టీ తప్పనిసరి. రాష్ట్రంలో వృత్తి పన్ను ఉంది. ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ బీమా తీసుకోండి. మీ సేవలో లోపం ఉందని క్లయింటు వినియోగదారుల కమిషన్‌కు 2 ఏళ్లలోపు వెళ్లవచ్చు. పాలసీ తీసుకునేటప్పుడు పని వివరణలో "భవన తనిఖీ" అని ఉందో లేదో చూడండి. ఒట్టి "కన్సల్టెన్సీ" అని ఉంటే క్లెయిము రోజున పేచీ వస్తుంది.

ఫీజు ఎలా తీసుకోవాలి? రిపేరు పనులు కూడా ఒప్పుకోవచ్చా?

చదరపు అడుగుల లెక్కన ఫీజు చెప్పడం వాడుక. కానీ చిన్న ఫ్లాటుకూ ప్రయాణం, రిపోర్టు రాసే సమయం అంతే ఉంటాయి కాబట్టి కనీస మొత్తం పెట్టుకోండి. భీమిలి, గాజువాక దూరాలకు ప్రయాణ ఖర్చు విడిగా. రెండోసారి వచ్చి సరిచేసినవి చూడటం ఫీజులో ఉందా లేదా అన్నది ముందే రాయాలి, ఎక్కువ పేచీలు దీని మీదే.

మీరు తనిఖీ చేసిన ఇంట్లో రిపేరు కాంట్రాక్టు తీసుకోకండి. వాటర్‌ప్రూఫింగ్ వాళ్ల దగ్గరో, ఏజెంటు దగ్గరో కమీషను కూడా వద్దు. ఊరు పెద్దదే కానీ ఈ పనిలో ఉన్నవాళ్లు కొద్దిమందే, మాట రెండు నెలల్లో పాకుతుంది.

అమెరికాలో ఈ పనికి లైసెన్స్ ఉంటుందట. ఇక్కడి అనుభవం అక్కడ పనికొస్తుందా?

రాష్ట్రాన్ని బట్టి. కాలిఫోర్నియాలో లైసెన్స్ లేదు. టెక్సస్‌లో రియల్ ఎస్టేట్ కమిషన్ ఇచ్చే లైసెన్స్ లేకుండా చేయకూడదు. న్యూయార్క్ 140 గంటల శిక్షణ అడుగుతుంది, అందులో 40 గంటలు ఫీల్డులో. ఫ్లోరిడా 120 గంటలు. చాలా రాష్ట్రాలు నేషనల్ హోమ్ ఇన్‌స్పెక్టర్ పరీక్షను గుర్తిస్తాయి: 200 ప్రశ్నలు, 4 గంటలు. ఇక్కడి సర్టిఫికెట్లు ఆ గంటల లెక్కలోకి వస్తాయని నమ్ముకోవద్దు. అక్కడ పనిచేసే హక్కు ఇచ్చే వీసా ఉండటం వేరే సంగతి, ముందు తేల్చుకోవాల్సింది అదే. ఇక్కడ తీరప్రాంతపు ఆర్‌సీసీ మీద పట్టున్నవాళ్లకు ఫ్లోరిడా కాండోల్లో (అపార్ట్‌మెంట్లలో) చూసేది కొంత తెలిసినదే. చెక్క ఇళ్లు, అట్టిక్, ఫర్నేస్ మాత్రం అక్కడే మొదటి నుంచి నేర్చుకోవాలి.